పనిచేతికి కుదిరిన పిస్టల్

దోర్కాకు పిస్టల్ ఎంచుకోవడం నేర్పింది నేనేనని నాచారంలో చాలామంది అనుకుంటారు. శుద్ధ అబద్ధం. ఆమె నా మాట విన్నది ఒక్కసారే. ఆ ఒక్కసారీ ఆమె కొంప ముంచబోయాను.

నాచారంలో ఓ గోడౌను పైఅంతస్తులో నాకు పది మీటర్ల ఎయిర్ పిస్టల్ రేంజ్ ఉంది. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, గురి నేర్పడమే బతుకుతెరువు. టార్గెట్ కాగితాన్ని ముందుకూ వెనక్కూ లాగే కప్పీ ఒకసారి విరిగిపోతే మల్లాపూర్‌లోని ఓ వర్క్‌షాపుకు కబురు పెట్టాను. కొత్తది బిగించడానికి దోర్కా వచ్చింది. ముప్పై ఆరేళ్లుంటాయి. జనగామ దగ్గరి పల్లె ఆమెది, మౌలాలిలో తల్లితో ఉంటోంది. రోజుకు ఎనిమిది గంటలు ఆకురాయి పట్టి ఇనుప ముక్కల అంచులు నున్నగా చేయడం ఆమె పని. కప్పీ తిరుగుతోందో లేదో చూసుకుని, "ఒక్కటి నేను గొట్టనా సార్?" అంది. సరదాకి పిస్టల్ ఇచ్చాను. గుండు నల్ల వలయంలో పడింది. ఆమె నవ్వలేదు. "మల్ల ఎప్పుడు రావాలె?" అని అడిగింది.

అప్పటినుంచి సాయంత్రం షిఫ్టు దిగగానే వచ్చేది. ఏడాది తిరక్కముందే జిల్లా పోటీకి పోతానంది. అక్కడ అరవై గుండ్లకు ఐదువందల ఇరవై పాయింట్లు వస్తేనే రాష్ట్ర పోటీ జాబితాలో పేరు వేస్తారు.

"ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తిప్పలు?" అని నోరు జారాను.

"పద్దెనిమిదేండ్ల సంది నేను జేసిన ముక్కలు ఏ బండ్లల్ల ఉన్నయో నాకు తెల్వదు సార్. ఒక్క కాయితం మీదన్న నా పేరు రావాలె."

అలా అడిగినందుకు నాకు సిగ్గేసింది.

పోటీకి సొంత పిస్టల్ ఉండాలి. ఆమె కొనగలిగేది ఒక్కటే, తప్పు పడితే ఇంకోటి కొనే స్తోమత లేదు. నేను పతకాలు కొట్టిన విదేశీ పిస్టల్ తక్కువకే ఇస్తానన్నాను. ఆమె దాన్ని పట్టుకుని, కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తి, కళ్లు తెరిచి చూసింది. గురి పక్కకు పోయి ఉంది. మూడుసార్లు చేసినా అంతే. నా చేతికి చెక్కించుకున్న పిడి మరి.

"మంచిదే సార్. గని నాది గాదు," అని తిరిగిచ్చేసింది. నాకు ఒళ్లు మండింది. పిల్లికి ఎలక సాక్ష్యం అన్నట్టు ఆమె చేతికి ఆమె కళ్లే సాక్ష్యమా అని గొణుక్కున్నాను.

ఉప్పల్‌లో అమ్మే అతని దగ్గర ఏడు పిస్టళ్లు పట్టి చూసి, చివరికి ఓ దేశవాళీ రకం తీసింది. మొద్దు చెక్క పిడి, ఆమె గుప్పిట్లో పట్టనంత లావు. ఇది రోకలిబండ అన్నాను.

"ట్రిగ్గర్ సాఫుగున్నది. బరువు ముంగటికి వాల్తలేదు. పిడి ఎక్కువుంటె తీయొచ్చు సార్, తక్కువుంటె యాడికెల్లి తెస్తం?"

వాళ్ల వర్క్‌షాపులో ఒక ఆనవాయితీ ఉందట. కొత్తగా చేరినవాళ్లకు పిడి లేని ఆకురాయి చేతికిస్తారు. ఎవరి పిడి వాళ్లే చేసుకోవాలి, ఒకరిది ఇంకొకరు ముట్టరు. అదే లెక్కన నెల రోజులు షిఫ్టు దిగాక నా రేంజ్‌లో కూర్చుని ఆ పిడిని చెక్కింది. అరచేతికి మసి పూసుకుని పట్టుకునేది. చెక్క మీద మసి ఎక్కడ దట్టంగా అంటితే అక్కడ కాస్త తీసేది. చివరికి ఆ పిడి చేతిలో పుట్టినట్టే ఉంది. సాధనలో ఐదువందల ముప్పై దాటింది.

అప్పుడు నా పెద్దరికం నిద్ర లేచింది. "పోటీ ఆదివారం పొద్దున. రెండు రోజులు సెలవు పెట్టు. షూటర్ చెయ్యి విశ్రాంతిగా ఉండాలి," అన్నాను. పాపం, ఆ ఒక్క మాట విన్నది.

ఆదివారం తనిఖీ బల్ల దగ్గర అధికారి పిస్టల్ చూసి, స్టిక్కర్ అంటించి ఇచ్చాడు. దోర్కా పిడి పట్టుకుంది. ముఖం పాలిపోయింది.

"సార్, ఒదులైంది."

అప్పటికి గానీ నా బుర్రకు తట్టలేదు. ఎనిమిది గంటలు ఆకురాయి పట్టి ఉబ్బిన చేతికి ఆమె ఆ పిడిని చెక్కుకుంది. రెండు రోజుల సెలవుతో వాపు దిగిపోయింది. నా సలహానే ఆమెకు శత్రువైంది.

పిడికి కాస్త లప్పం పెడతామని అధికారిని బతిమాలాను. "తనిఖీ అయ్యాక పిస్టల్‌ని మార్చకూడదు," అన్నాడాయన. ఆమె వంతుకు ఇంకో గంట ఉంది. నేను తల పట్టుకున్నాను.

దోర్కా సంచీ తెరిచింది. బైబిల్ పక్కన ఆమె ఆకురాయి.

"పిస్టల్‌ని మార్చొద్దన్నరు. చేతిని మార్చొద్దన్లే గదా?"

హాలు వెనక్కి పోయి, పారేసిన ఇనుప ముక్కను కాలితో మెట్టుకు అదిమిపెట్టి రుద్దడం మొదలుపెట్టింది. చెయ్యి వణుకుతుంది, వద్దని వెంటపడ్డాను.

"పద్దెనిమిదేండ్ల సంది వణకంది ఇయ్యాల వణుకుతదా? ఫికర్ జెయ్యకున్రి సార్."

ముప్పావుగంట రుద్దింది. చెమట కారుతున్నా ఆపలేదు. చెయ్యి కడుక్కోమన్నా వినలేదు, చేతికి అంటిన ఇనుప రజను ఉంటే పట్టు దొరుకుతుందంది. గీత దగ్గర నిలబడి పిడి పట్టుకున్నాక ఇటు తిరిగి నాకేసి ఒక్కసారి తలూపింది.

ఐదువందల ఇరవై మూడు.

బోర్డు మీద జాబితా అంటించగానే జనాన్ని తోసుకుంటూ వెళ్లింది. తన పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుంది. నేను పక్కన నిలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆమె వేలు తీశాక ఆ పేరు మీద ఇనుప రజను మరక మిగిలింది.