పైడమ్మను బోనెక్కించలేదు

1968 ఏప్రిల్ ఆఖరి సోమవారం, ఉదయం పదకొండున్నరకి, ఒక చావు కేసుని నా చేత్తో నేనే ఉపసంహరించుకున్నాను. అప్పుడు నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక మేజిస్ట్రేటు కోర్టుకి అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ని. పన్నెండేళ్లు వచ్చేదాకా గేదెలు కాసి, ఆ తరవాత మిషన్ బడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. నా రాతకి నునుపు ఉండదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

చీపురుపల్లి చుట్టుపక్కల ఒక ఊళ్లో పైడమ్మ అనే ఆవిడకి మొగుడు పోయాడు, ఒక్కడే కొడుకు నరసింగు. ఆమె తమ్ముడు అప్పన్న మడి ఎగువన, వీళ్లది దిగువన. ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. నీళ్ల వంతు దగ్గర మేనమావకీ మేనల్లుడికీ మాట పెరిగింది. అప్పన్న చేతిలో పార తిరగేసి దాని కర్రతో నరసింగు తలమీద కొట్టాడు. కుర్రాడు మర్నాడు పోయాడు. చూసింది పైడమ్మ ఒక్కతే. కొడుక్కి అంబలి పట్టుకెళ్తూ చూసింది, పోలీసులకి చెప్పింది.

చంపాలన్న ఉద్దేశం లేకపోయినా చావుకి కారణమైన నేరం కింద చార్జిషీటు పడింది. అలాంటి కేసు సెషన్సు కోర్టుకి వెళ్లాలి. వెళ్లేముందు కళ్లతో చూసినవాళ్లని మేజిస్ట్రేటు విచారించి, పంపాలో వద్దో తేల్చేవారు. కమిటల్ విచారణ అనేవాళ్లం. పోలీసులకి చెప్పిన మాట అక్కడ సాక్ష్యంగా చెల్లదు. అదే మాట బోనులో నిలబడి మళ్లీ చెప్పాలి. డాక్టరేమో ఆ దెబ్బ కర్రవల్లా తగలొచ్చు, గట్టుమీది రాయివల్లా తగలొచ్చు అని రాశాడు. అంటే కేసంతా పైడమ్మ నోట్లో ఉంది.

విచారణకి ముందు, అప్పన్న బెయిలు మీద ఉండగా, ఊరి పెద్దలు రాజీకి కూచోబెట్టారు. పైడమ్మ ఒకటే అడిగింది, తమ్ముడు గుడిలో దీపం ఆర్పి ప్రమాణం చెయ్యాలని. తోడబుట్టినవాడు దీపం ముందు అబద్ధం ఆడలేడని, అక్కడే ఒప్పుకుంటాడని ఆమె ధైర్యం. ఆ ఊళ్లలో ప్రమాణం అడిగినవాళ్లకీ ఒక కట్టు ఉంది. అవతలివాడు చేసేస్తే ఇంక ఆ సంగతి ఎత్తకూడదు. అప్పన్న తలస్నానం చేసి, తడిబట్టతో వచ్చి, నా చెయ్యి తగల్లేదని దీపం ఆర్పేశాడు.

వాయిదా నాడు వరండాలో ఆమెని పక్కకి పిలిచి అడిగాను.

"అమ్మా, నువ్వు చూశావా, లేదా?"

"సూసినాను బాబూ."

"ఆ మాటే లోపల చెప్పు."

"సెప్పను. పెమాణం నానే అడిగినాను, ఆడు సేసీసినాడు. అబద్దమాడినందుకు ఆడిని దేవుడు సూసుకుంతాడు. మాట తప్పితే నన్నూ సూసుకుంతాడు."

"పోయినవాడు నీ కొడుకు కాదా?"

"ఆడు నా కొడుకని నాకు నువ్వు సెప్తన్నావేటి బాబూ," అంది.

ఇన్‌స్పెక్టరు ఆమెని బోనెక్కించమన్నాడు. చెప్పకపోతే ఎదురు తిరిగిన సాక్షి అని రాయించండి, కేసు కోర్టు కొట్టేస్తుంది, తప్పు మన మీద ఉండదు అన్నాడు. ముద్దాయి తరఫు ప్లీడరు నవ్వుతూ, "ఏటి గురువుగారూ, మీ సాక్షికి మౌనవ్రతమా?" అని దెప్పాడు.

బోనులో చూడలేదంటే ఆమెది అబద్ధపు సాక్ష్యం, నోరు మూసుకుంటే కోర్టుని ధిక్కరించడం. రెండింటికీ జైలే. కొడుకు పోయిన మనిషిని జైలుకి పంపడానికి నాకు జీతం ఇవ్వడం లేదు. అప్పటి చట్టంలో 494 సెక్షను ఉండేది. ప్రాసిక్యూటరు కోర్టు సమ్మతితో కేసు ఉపసంహరించుకోవచ్చు. పైవాళ్లు సలహా ఇస్తారు గాని నిర్ణయం అతనిదే. అభియోగం రాయకముందు ఉపసంహరిస్తే ముద్దాయికి డిశ్చార్జి, అంటే వదిలెయ్యడం మాత్రమే. రేపు సాక్ష్యం దొరికితే మళ్లీ పట్టుకోవచ్చు. అభియోగం రాశాక అయితే నిర్దోషి అని తీర్పు, ఇంక ముట్టుకోకూడదు. అందుకే అప్పుడే పిటిషను వేశాను. సాక్ష్యం చాలదు అని రాశాను. మేజిస్ట్రేటుగారు చదివి, సాక్షి వచ్చిందా అని అడిగారు. వచ్చింది, మాట్లాడదు అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, సమ్మతి రాసి సంతకం పెట్టారు.

బయట అప్పన్న బండి కట్టుకుని వచ్చాడు. ఆ ఊరికి ఆ ఎండలో ఇంకో దారి లేదు. "ఎక్కప్పా," అన్నాడు, అక్కకేసి చూడకుండా. అక్కని అక్కడ అప్ప అంటారు. పైడమ్మ ఎక్కింది. తమ్ముడికి వీపు పెట్టి, కాళ్లు వెనక్కి వేలాడేసి కూచుంది. కోర్టు మలుపు తిరిగేదాకా నాకు ఆమె మొహం కనబడుతూనే ఉంది.

మళ్లీ ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే రమ్మని కబురు పంపాను. రాలేదు. నాకు బదిలీ అయింది. తరవాత రెండేళ్లకి ఆమె పోయిందని విన్నాను.

ఆ కేసులో నేను నేర్చుకున్నది ఇంతే. ఉపసంహరణ పిటిషన్లో కారణం రాసే చోటు ఒక్క వాక్యానికి సరిపోతుంది. అక్కడ రాసింది చట్టానికి నిజమే అవుతుంది. ఆ తరవాత ఏ పిటిషను రాసినా, ఆ వాక్యంలో పట్టనిదేదో ముందు తెలుసుకునే సంతకం పెట్టాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: మేజిస్ట్రేటు విశ్వనాథంగారు, బెంచి గుమాస్తా సన్యాసిరావు, ఇన్‌స్పెక్టరు జోగారావు, ప్లీడరు కామేశ్వరరావు, కోర్టు బంట్రోతు ఎర్రయ్య, ముద్దాయి అప్పన్న, నేను, గుమ్మం బయట నిలబడ్డ పైడమ్మ.