ఐదు ముక్కల ఎలెక్ట్రాలిసిస్

ఆ రోజు తప్పు నాదే. ఎమ్మిగనూరు బడిలో నేను ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. సైన్సు మాస్టరు నాకంటే పెద్దవాడు, హాలహర్వి మనిషి. పాఠం కళ్ళకు కట్టినట్టు చెప్పేవాడు. పొడుగాటి ఇంగ్లీషు మాట ఎదురైతే మాత్రం గుంతలో దిగిన బండిలా ఆగిపోయేవాడు. ఆయన ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి తన పాఠం వింటాడని తెలియగానే నా దగ్గరికి వచ్చాడు.

నేను ఎలెక్ట్రాలిసిస్‌ను ఐదు ముక్కలు చేసి, మధ్య మధ్య గీతలు గీసి, మూడో ముక్క మీద ఊనిక గుర్తు పెట్టాను. గీత దగ్గర ఆగమన్నాను. గుర్తు దగ్గర బల్ల మీద ఒక దెబ్బ వేయమన్నాను. నోటికి పట్టాక ముక్కలన్నీ కలిపి పలకాలి, దెబ్బ మానేయాలి. సినిమాకు వేళయిందని ఆ సంగతి చెప్పకుండానే లేచిపోయాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చున్నాడు, పక్కన నేను. మాస్టరు నేర్పినది నేర్పినట్టే చేశాడు. "ఎ... లెక్... ట్రా" అని బల్ల మీద ఒక్కటేసి, "లి... సిస్" అని ముగించాడు. పాఠమంతా ఆ మాటే. కాసేపటికి పిల్లలు అందుకున్నారు. చెక్కభజన ఊళ్ళ పిల్లలు, తాళం తప్పుతారా? "ట్రా" దగ్గర బల్లలన్నీ ఒక్కసారే మోగాయి. మాస్టరుకు హుషారొచ్చి వేగం పెంచాడు. ముందుగా నవ్వింది నేనే. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు, లేచి వెళ్ళిపోయాడు.

"నువ్వు సెప్పినట్టే సేస్తి కదప్పా. యాడ తప్పినాను?" అన్నాడు మాస్టరు.

"నువ్వు తప్పలేదన్నా. నేనే సగం చెప్పి పోయినాను."

"ఆ సగానికి ఈ పని పోతే, నేను మళ్ళా మడక పట్టల్ల. ఎద్దులకు ఇంగ్లీషు అక్కర్లేదులే."

ఇన్‌స్పెక్టరు ఆదోనిలో రైలెక్కుతాడని తెలిసి బస్సు పట్టుకున్నాను. ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి జరిగిందంతా చెప్పాను. ఆ దెబ్బ కూడా మీరు నేర్పిందేనా అని అడిగాడు. అవునన్నాను.

"పిల్లలకు బాగా పట్టింది," అన్నాడు. వచ్చే నెల మరోసారి వింటానన్నాడు. అంతకు మించి మాట ఇవ్వలేదు.

మర్నాటి నుంచి బడి వదిలాక మేమిద్దరం ఖాళీ తరగతిలో కూర్చున్నాం. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ముక్కలన్నీ కలిపి పలికాడు. తరగతిలో ఆ మాట వస్తే పిల్లల చేతులే ఆగలేదు. అందుకని ఒక ఉదయం సైన్సు తరగతికి వెళ్ళి, ఆ తాళం మీ మాస్టరుది కాదు, నాది, తప్పు కూడా నాదేనని అందరి ముందూ చెప్పాను.