మూడో పిలుపు

సారమ్మ పిన్ని పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది రాహేలు. కొల్లేటి మధ్య మా లంకలో పిన్ని పక్కింటి పిల్ల. ఇప్పుడు తనకే మనవలున్నారు. తాడేపల్లిగూడెంలో మా గుమ్మం ముందు నిలబడి, నోటితో చెప్పకముందే చంకలో ఉన్న తుంగచాప నా చేతుల్లో పెట్టింది. పిన్ని ఆఖరున అల్లిన చాప అది. చుట్ట విప్పేసరికి గదంతా పచ్చితుంగ వాసన, దాని అడుగున కొల్లేటి బురద వాసన, ఇంకా అడుగున, చెబితే నమ్మరు గాని, చలికాలపు మంచు వాసన. వెనకనుంచి ఎవరో పిలిచినట్టయి, "ఆఁ, వస్తున్నా" అన్నాను. మా ఇంట్లో ఎవరూ పిలవలేదు. నా కోడలు నవ్వింది. రాహేలు నవ్వలేదు.

నేను చెప్పేది పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. మా లంకకు అప్పుడు రోడ్డు లేదు, బడి లేదు. వానాకాలంలో నీళ్ళు వాకిలి మెట్టు దాకా వచ్చి, పండక్కి వచ్చిన చుట్టాల్లా కొన్నాళ్ళు ఉండి వెళ్ళేవి. అవి వెనక్కి తీశాక మడుగుల్లో చేపలు పట్టడం, తుంగ దుంపలు తవ్వుకుని బురద తుడిచి తినడం, గవ్వలతో అచ్చంగాయలాడటం మా పని. చలి మొదలయ్యేసరికి గూడబాతులు గుంపులుగా దిగేవి. నానమ్మ వాకిట్లో బూడిద పరిచి, బైబిలు తెరిచి పెట్టుకుని, అందులోంచే నాకు అక్షరాలు దిద్దించింది. అమ్మ నా పురిట్లోనే పోతే, నన్ను ఎత్తుకుని పెంచింది సారమ్మ పిన్ని, మా బాబాయి భార్య. ఆమె చేతులకు ఎప్పుడూ తుంగ వాసనే. క్రిస్మస్ ముందు అరిసెలు వండే రోజుల్లో మాత్రం బెల్లప్పాకం వాసన దాన్ని కాస్త గెలిచేది.

మంచు కమ్మినప్పుడు దోనె మీదున్న మనిషికి రేవు కనబడదు. అతను పిలుస్తాడు, ఒడ్డున ఉన్నవాళ్ళు పలుకుతారు, ఆ గొంతు పట్టుకుని అతను దారి చేసుకుంటాడు. కాని మా లంకలో ఒక కట్టుబాటు ఉండేది. నీళ్ళలో పోయినవాళ్ళు కూడా మంచులో పిలుస్తారనీ, రెండుసార్లకు మించి పిలవలేరనీ, అందుకని మూడో పిలుపుకే పలకాలనీ. అది వట్టి మూఢనమ్మకమని పాస్టరుగారు ఎన్నోసార్లు చెప్పారు. మేమూ తలలూపేవాళ్ళం. రేవులో నిలబడ్డాక మాత్రం మూడో పిలుపు కోసమే చూసేవాళ్ళం.

బాబాయి చాపలు దోనెకెత్తి ఏలూరులో అమ్ముకుని వచ్చేవాడు. ఆ ఏడు క్రిస్మస్ ముందు వెళ్ళినవాడు తెల్లవారుతుండగా తిరిగి వస్తున్నాడు. పిన్ని రేవులో గిన్నెలు తోముతోంది. మంచులోంచి "సారమ్మా" అని వినబడింది. గిన్నె కింద పెట్టి నిలబడింది. మళ్ళీ "సారమ్మా". పలకడానికి పెదవి విప్పి, మూడోదాని కోసం ఆగింది. మూడోది రాలేదు. మంచు విడిచాక చూస్తే, పలికితే అందేంత దూరంలో దోనె బోర్లాపడి ఉంది. నక్షత్రం చేయడానికి బాబాయి కొని తెచ్చిన ఎర్ర కాగితం నీళ్ళమీద విచ్చుకుని తేలుతోంది.

పిన్ని ఏడవలేదు. పలకడం మొదలుపెట్టింది. పక్షి అరిచినా, తలుపు కిర్రుమన్నా, ఏమీ వినబడకపోయినా "వస్తన్నానండీ" అని లేచి నీళ్ళవైపు నడిచేది. ఇరుగుపొరుగు గాలి సోకిందన్నారు. మెరక ఊళ్ళో ఒక మంత్రగాడున్నాడని, గొలుసులతో కట్టి బెత్తంతో వదిలిస్తాడని చెప్పారు. బండి మాట్లాడతామని కూడా వచ్చారు.

"నా కొడుకుని నీళ్ళు తీసుకున్నాయి. కోడల్ని మాత్రం ఎవరికీ ఇవ్వను," అంది నానమ్మ. ఆ రోజునుంచి మా ఇంట్లో ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలకాలని చెప్పింది.

"ఏవండోయ్ అత్తగారూ, మీ ఇంట్లో పిల్లి అరిచినా పలుకుతున్నారంట గదా!" అంది పక్కింటావిడ, రాహేలు వాళ్ళమ్మ.

"పలుకుతామమ్మా. నువ్వు అరిచినా పలుకుతాం, పిల్లికన్నా ముందే," అంది నానమ్మ.

మంచు పడిన ప్రతి పొద్దునా నానమ్మ తన కొంగు, పిన్ని కొంగు కలిపి ముడేసి రేవుకు తీసుకెళ్ళేది. పిన్ని "వస్తన్నానండీ" అనేది. నానమ్మ నీళ్ళకేసి, "ఇక్కడే ఉన్నాం నాయనా, ఇక్కడే" అనేది. అలా పలికి, ఇద్దరూ తడవకుండా ఇంటికొచ్చేవారు. ముడి మాత్రం పొయ్యి రాజేశాకే విప్పేవారు.

ఒక పొద్దున నానమ్మకు జ్వరం. మంచు చూసి పిన్ని లేచిపోయింది. నేను వెనకే పరిగెత్తాను. రేవులో నిలబడి, "ఇనబడిందటే?" అని అడిగింది. ఎప్పుడడిగినా లేదనే చెప్పేదాన్ని, అది నిజం కూడా. ఆ రోజు చెప్పలేకపోయాను. మంచులోంచి "సారమ్మా" అని నేనూ విన్నాను. అది బాబాయి గొంతని అనను. కాదని ఈనాటికీ అనలేను.

"మూడోదే," అంది పిన్ని. ఎంతకాలానికో ఆమె మొహంలో నవ్వు చూశాను. నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు, నడుము. గట్టుమీదినుంచే "పిన్నీ" అని అరిచాను.

"ఆఁ" అంది, వెనక్కి చూడకుండానే. ఇంకో అడుగు వేసింది.

"పిన్నీ!"

"ఆఁ," అని ఆగింది. మూడోసారి పిలవడానికి నాకు భయమేసింది. అది కూడా అయిపోతే నా దగ్గర ఇంక పిలుపు మిగలదనిపించింది. కళ్ళు మూసుకుని, "పిన్నీ, ఆకలేస్తంది," అన్నాను.

నీళ్ళ చప్పుడు మెల్లగా నావైపు వచ్చింది. తర్వాత నా నెత్తిమీద తడి చెయ్యి పడింది. "వచ్చేశానమ్మా. పద, అన్నం పెడతా." చెయ్యి మంచుగడ్డలా ఉంది, తుంగ వాసన వేస్తోంది. నా జీవితంలో దేవుడికి చెప్పుకున్న స్తోత్రాల్లో మొదటిది ఆ చెయ్యి కోసమే.

పిన్నికి నయమైందని చెప్పను. బతికినన్నాళ్ళూ పలుకుతూనే ఉంది. మంచు పడిన రోజున ఆమె చెవి రేవువైపే ఉండేది, ఆ రోజు అల్లిన వరస వంకరపోయేది, మర్నాడు విప్పి మళ్ళీ అల్లేది. అలాగే నన్ను పెంచింది, పెళ్ళి చేసింది. ఆ పలికే అలవాటు నాకూ కొంచెం మిగిలింది. మంచు పొద్దుల్లో మా ఇంటి కిటికీ మూయనివ్వను.

ఇప్పుడు లంకకు బస్సు వెళ్తుంది. రేవు ఉన్నచోట చేపల చెరువు గట్టు, మోటారు చప్పుడు. మంచులో గొంతెత్తి పిలిచేవాళ్ళూ లేరు, పలికేవాళ్ళూ లేరు.

"మొన్న పొద్దున్న మంచు పట్టిందండి," అంది రాహేలు వెళ్ళేముందు. "రెండుసార్లు 'వస్తన్నానండీ' అందండి. మూడోసారి ఏమీ అనలేదండి. చూస్తే, ప్రాణం లేదండి."

చాప అంచున ఒక వరస వంకరగా ఉంది. విప్పడానికి ఆమెకు మర్నాడు దొరకలేదు.

ఇది చదివినవారిని ఒక్కటే అడుగుతున్నాను. మిమ్మల్నెవరైనా పిలిస్తే మొదటి పిలుపుకే పలకండి. పలికేటప్పుడు, ఆమె పేరు సారమ్మ, ఒక్కసారి తలుచుకోండి.