కుంకుమ భరిణె రంగు

మా కారుకి పడ్డ సొట్టలన్నీ నా చేతి చలవే. ఈ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోను గానీ, నేనంటే తప్పులేదు. యాభై దాటాక సెకండ్ హ్యాండు కారు కొనుక్కుని, దాని మీదే డ్రైవింగు నేర్చుకున్నదాన్ని. మా వీధి మలుపులో ఓ కరెంటు స్తంభం ఉంది. అదే రోడ్డు మీదకి వచ్చి నిలబడింది తప్ప నేను దాని మీదకి వెళ్ళలేదని ఇప్పటికీ వాదిస్తాను. మా గేటు కూడా ఉండాల్సిన దానికంటే ఇరుకు. మొత్తానికి నా చేయి కుదిరేసరికి కారుకి బానెట్టూ, ఎడమ పక్క డోర్లూ, వెనక మూలా రకరకాలుగా లోపలికి పోయాయి. మా ఆయన దానికి "అప్పడం" అని పేరు పెట్టారు. స్కూటరు తప్ప ఇంకేదీ నడపడం రాని మనిషి మాట కాబట్టి నేను పట్టించుకోలేదు.

పట్టించుకున్నది మా అత్తగారు. ఆవిడ పుట్టిల్లు గొలుగొండ దగ్గర ఓ పల్లె. మేముండే నర్సీపట్నం నుంచి ఎంతో దూరం లేదు. కానీ ఆ కాస్త దూరమూ ఆవిడ జీవితమంతా బస్సులో నిలబడో, ఆటోలో ఇరుక్కునో, కొడుకు స్కూటరు వెనక ఒక పక్కకి కూర్చునో వెళ్ళింది. అక్కడే ఉండే వాళ్ళ అక్కగారు మాత్రం కొడుకు కొన్న పెద్ద తెల్ల కారులో మా ఇంటికి వచ్చి, దిగేటప్పుడల్లా "కాళ్ళు సాపుకోడానికి బాగుంటాదే సెల్లీ" అని నడుం విరుచుకునేది. అత్తగారు మంచినీళ్ళు ఇచ్చేది.

నేను కారు తోలడం మొదలెట్టాక ఇంట్లో నాకంటే ఎక్కువ సంబరపడింది ఆవిడే. ఓ సాయంత్రం ఫోనులో అక్కగారితో చెప్పేస్తోంది, వీధి వీధంతా వినబడేలా.

"అప్పా, ఈసారి అమ్మోరి పండక్కి మా కోడలే కారు తోలుకుని నన్ను తీసుకొస్తాది. నాను ముందు సీట్లో కూకుని వస్తాను. కారుకి కొత్త రంగు ఏయిస్తన్నాం. అదేనే, మనిద్దరం ఏటికొప్పాకలో కొనుక్కున్న కుంకుమ భరిణె రంగు!"

రంగు సంగతి నాకూ అప్పుడే తెలిసింది. కానీ అక్కకి మాటిచ్చేసిన తరవాత ఇంక తిరుగులేదు. పండగకి ఆ రంగు కారులో, ముందు సీట్లో కూర్చుని ఊళ్ళోకి దిగకపోతే అత్తగారి పరువు పోయినట్టే.

ఆ భరిణె మా పూజ గూట్లో ఉంటుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ పరికిణీలు కట్టుకునే వయసులో వాళ్ళమ్మతో ఏటికొప్పాక వెళ్ళి, బొమ్మలు చేసేవాళ్ళ ఇంటి అరుగు మీదే చెరొకటీ ఒకే రకానివి కొనుక్కున్నారట. లక్క పూసిన కొయ్య భరిణె. ఆ ఎరుపు నిజంగానే బాగుంటుంది. కాదనడానికి నాకూ మనసు రాలేదు.

ఊరి చివర కొత్తగా ఓ టింకరింగు షెడ్డు పెట్టారు. మేస్త్రీ కుర్రతనం వదిలి ఎన్నాళ్ళో కాలేదు గానీ మాట మాత్రం పెద్దరికంగా ఉంది. సొట్టలు తీసి, గుంటలు పూడేలా లప్పం పెట్టి, రంగు వేయాలనీ, అత్తగారు మోకాళ్ళు నొప్పి లేకుండా ఎక్కడానికి ముందు డోరు కింద జీపుకి ఉన్నట్టు ఓ మెట్టు కట్టాలనీ చెప్పాను.

"మేడమ్, మీరు కారిచ్చి ఎల్లండి. పెళ్ళికూతుర్ని తీసుకెల్దురు గాని," అన్నాడు.

రంగు నమూనా కావాలన్నాడు. ఇంటికొచ్చి చెప్పాను. ఆ తరవాత ఆఫీసులో ఆడిట్ గొడవలో పడిపోయి, నమూనా సంగతి అత్తగారే చూసుకుంటారని వదిలేశాను.

కారు చేతికొచ్చింది ఓ సాయంత్రం, షెడ్డులో ట్యూబులైటు కింద. తళతళలాడిపోతోంది. మా ఆయన కూడా "అప్పడం" అనడం మానేసి చుట్టూ ఓసారి తిరిగారు. నేను గర్వంగా ఇంటికి తోలుకొచ్చాను. స్తంభం కూడా పక్కకి తప్పుకున్నట్టే అనిపించింది.

పొద్దున్న ఎండ పడ్డాక తెలిసింది అసలు సంగతి. బానెట్టు ఒక ఎరుపు, డోర్లు ఇంకో ఎరుపు. బానెట్టు పండిన మిరపకాయలా ముదురుగా ఉంది. డోర్లేమో అప్పుడే కోసిన పుచ్చకాయలా ఉన్నాయి. డోరు ముందు నిలబడితే నా మొహానికి మూడు గడ్డాలు కనబడ్డాయి. రేకు అంత చక్కగా సాపు చేశాడు. వెనక మూల లప్పం అప్పుడే బీట తీసింది. మెట్టు మీద అత్తగారు కాలు పెడితే లోపలికి ఎక్కాల్సింది బయటికి జారింది. అన్నిటికీ మించి, వెనక డోరు మీద రంగులో ఓ దోమ రెక్కలు చాపుకుని అతుక్కుపోయి ఉంది.

నాకు కోపం వస్తే ఆగదు. అక్కడికక్కడే ఫోను చేశాను.

"ఎండలో అలాగే కనబడతాదండి మేడమ్," అన్నాడు మేస్త్రీ.

"అయితే కారుని మంచం కింద పెట్టుకోమంటావా?"

"అలాక్కాదండి. ఆరాక కలిసిపోతాది."

ఆరింది. కలవలేదు. మళ్ళీ ఫోను చేస్తే రేపు రండన్నాడు. రేపు వెళితే మర్నాడన్నాడు. నేను అరిచాను, కంప్లయింటు ఇస్తానన్నాను, ఆఫీసులో మా కింద వాళ్ళు హడలిపోయే గొంతుతో బెదిరించాను. అతను రంగు కొట్టే కంప్రెసరు ఆన్ చేశాడు. ఆ మోతలో నా గొంతు నాకే వినబడలేదు. ఇటు పండగేమో దగ్గరకొచ్చేసింది.

అప్పుడు అత్తగారు రంగంలోకి దిగింది. కొయ్యూరు నుంచి వచ్చిన కొత్త చింతపండు బుట్టెడు ఇంట్లో ఉంది, గింజ తీయాలి. ఆ బుట్టా, కత్తిపీటా, ఓ పీటా తీసుకుని వచ్చి కారు వెనక సీట్లో ఎక్కింది.

"ముందు కూర్చోండి అత్తయ్యా," అన్నాను.

"పండగ దాకా ముందు సీటు ముట్టుకోను. నువ్వు పోనీ."

షెడ్డు గుమ్మం పక్కన, దారిన పోయేవాళ్ళందరికీ కనబడేలా పీట వేసుకుంది. కారు పక్కనే పెట్టించింది. చింతపండు గింజ తీయడం మొదలెట్టింది. ఒక్క మాట అనలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి కారుకి ఆనుకుని నిలబడ్డాను, ఉడికిపోతూ.

కాసేపటికి ఓ పెద్దాయన తన కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. బంపరు వేలాడుతోంది.

"ఏటి మామ్మా, ఇక్కడ కూకుని చింతపండు ఒలుస్తన్నారు?" అని అడిగాడు.

"మా కారుకి ఇక్కడే రంగేయించేం బాబూ. అది ఏ రంగో తేలేదాకా కూకుంటాను," అంది అత్తగారు, ఎంతో మర్యాదగా.

ఆయన మా కారు చుట్టూ తిరిగాడు. దోమ దగ్గర వంగి చూశాడు. తరవాత మేస్త్రీ వైపు చూసి, సాయంత్రం వస్తానని చెప్పి, వేలాడే బంపరుతోనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మేస్త్రీ మొహం చూడాలి అప్పుడు. నాకైతే కడుపు నిండినట్టయింది.

మధ్యాహ్నం మేస్త్రీ భార్య క్యారేజీ తెచ్చింది. సంగతేమిటని అత్తగారిని అడిగింది, విన్నది, క్యారేజీ పక్కన పెట్టి తనూ కూర్చుని గింజలు తీయడం మొదలెట్టింది. భర్త అన్నం పెట్టమంటే "ముందు ఈవిడ సంగతి సూడు" అంది.

అప్పుడు దిగొచ్చాడు. కంప్రెసరు ఆపేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి అత్తగారి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మామ్మ గారూ, రేకు సాపు రాలేదు, ఒప్పుకుంటాను. లప్పం, మెట్టు అన్నీ తీసీసి మళ్ళీ సేస్తాను. తొందర పడీసేను. కానీ రంగు తప్పు మాత్రం నాది కాదండి. ఒట్టు. భరిణె తెప్పించండి, సూపిస్తాను."

"తప్పు భరిణెదా?" అని నేను ఎగిరాను.

"కుంకం గిన్నెలోకి ఒంపీసి, నువ్వు ఎల్లి పట్రావే," అంది అత్తగారు.

ఇంటికి వెళ్ళి తెచ్చాను. మేస్త్రీ మూత తీసి బానెట్టు మీద పెట్టాడు. ఎక్కడ మూతో, ఎక్కడ బానెట్టో తెలియనంతగా కలిసిపోయింది. కింది భాగాన్ని డోరుకి ఆనించాడు. అదీ కలిసిపోయింది. రోజూ కళ్ళెదుట ఉండే వస్తువే. దాని మూతొక రంగు, అడుగొక రంగు అని ఇన్నేళ్ళలో నేను చూడనే లేదు.

"మొదట నాను మీ ఇంటికి వచ్చినప్పుడు మూతొక్కటే ఇచ్చేరు కదండీ మామ్మ గారూ. అది తిరిగిచ్చీసేక రంగు మధ్యలో అయిపోయి మళ్ళీ వస్తే, అడుగొక్కటే ఇచ్చేరు."

నేను అత్తగారి వైపు తిరిగాను. ఆవిడ చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది.

"కుంకం ఉన్న భరిణె షెడ్డుకి ఎలా పంపుతానే? అందుకని ముందు మూతిచ్చేను," అంది మెల్లగా. "రెండోసారి వచ్చింది శుక్రవారం. శుక్రవారం కుంకానికి మూత లేకుండా ఉంచకూడదు కదా. కుంకం గిన్నెలో పోసి, ఆ మూత దాని మీద పెట్టీసి అడుగిచ్చేను. కాళీగా పంపకూడదని సిటికెడు కుంకం కూడా ఉంచేను."

"ఉందండి. పొట్లం కట్టి దేవుడి పటం దగ్గిర పెట్టేను," అన్నాడు మేస్త్రీ.

ముందు నవ్వింది మేస్త్రీ భార్య. తరవాత అత్తగారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేను కోపంగా ఉందామని చాలా ప్రయత్నించాను. నా వల్ల కాలేదు.

"మరి ఏ ఎరుపు ఏమంటారు?" అన్నాడు మేస్త్రీ.

అత్తగారు మూత చేతిలోకి తీసుకుంది. అడుగు గూట్లో కదలకుండా కూర్చునేది. మూతే కదా రోజూ ఆవిడ స్నానం చేసి, తడి చేత్తోనో, దీపం నూనె అంటిన చేత్తోనో తీసి పెట్టేది. పట్టి పట్టి ముదిరిన రంగు అది.

"దీనిదే ఎయ్యి నాయనా," అంది. "పండక్కి అందాల. బేగి కానీ."

అందించాడు. రేకు మళ్ళీ కొట్టాడు, మెట్టు తిన్నగా కట్టాడు, కారంతా ఒకే ఎరుపు చేశాడు. దోమ ఉన్న చోటు గీకబోతే అత్తగారే వద్దంది. దిష్టి చుక్కలా ఉంటుందట. కొత్త రంగు కింద ఆ దోమ ఇప్పటికీ చిన్న పొక్కులా కనబడుతుంది.

పండగనాడు అత్తగారు మెట్టెక్కి ముందు సీట్లో కూర్చుంది. పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఊరు వచ్చేదాకా ఒక్క పక్కకీ తిరగలేదు. వాళ్ళ అక్కగారు వీధిలోనే నిలబడి ఉంది. కారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసింది. లోపలికి వెళ్ళి, పాత పట్టుగుడ్డలో చుట్టిన తన భరిణె తెచ్చి బానెట్టు మీద పెట్టింది. ఇవాళే కొన్నట్టు మెరిసిపోతోంది. కారు రంగుకీ దానికీ పోలికే లేదు.

"మోసపోనావే సెల్లీ. ఇది మన రంగు కాదు," అంది ఆవిడ.

నాకు నోరు దురద పుట్టింది. అత్తగారు చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నీది పెట్లో దాసుకున్నావు అప్పా," అంది. "నాది రోజూ ముట్టుకున్నాను. ముట్టుకుంటే ఈ రంగొస్తాది."

పెద్దావిడ తన భరిణె మూత తీసి లోపల చూసుకుంది. కుంకుమ జాడే లేదు, తెల్లటి కొయ్య. ఆ మొహం చూసి నాకు బాధేసింది.

"ఊరంతా ఓ తిరుగు తిప్పుతావేటే? ముందు సీట్లో నాను కూకుంటాను," అంది నా వైపు తిరిగి.

"బొట్టెట్టి ఎక్కు," అంది అత్తగారు. చేతిసంచిలోంచి అమ్మోరికని తెచ్చిన కుంకుమ పొట్లం తీసి, అక్కగారి భరిణెలో నిండా పోసింది. పెద్దావిడ వేలు తడిపి, కుంకుమ అద్ది, బానెట్టు మీద బొట్టు పెట్టింది. అదే చేత్తో మూత పెట్టబోతే, దాని మీద ఎర్రగా వేలిముద్ర పడింది. ఆవిడ గాభరాగా కొంగుతో తుడవబోయింది.

అత్తగారు చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అప్పా. ఇప్పుడే కదా మొదలెట్టేవు."