గొట్టంలో నిలవని శని

కొత్త గోనెసంచి వాసన తగిలితే ఇప్పటికీ నాకు కాలు నిలవదు.

నెల్లిమర్లలో మా చిన్నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. పీవీసీ గొట్టంతో తనే చేసిన టెలిస్కోపును నా చిన్నప్పుడు ఒక రాత్రి పెరట్లో, ఇసుక నింపిన కొత్త గోనెసంచుల మధ్య నిలబెట్టాడు. శనిగ్రహం చుట్టూ ఉండే వలయాన్ని మాకు చూపించి నైట్ షిఫ్టుకి వెళ్లాలి.

నాన్నమ్మ చూసింది, అన్నయ్య చూశాడు. చివర నేను. ఏ కన్ను మూయాలో తేల్చుకునేసరికి పసుపు చుక్కేదో పక్కకి జారి మాయమైంది. చిన్నాన్న మళ్లీ సరిచేశాడు. మళ్లీ జారింది.

"కదపకే. ఒక్క నిమిసం ఉండలేవేటి?"

"దానికి నిలకడెక్కడుందిరా," అంది నాన్నమ్మ.

చేతులు వెనక్కి కట్టుకుని ఊపిరి బిగబట్టాను. దోమలు కుడుతున్నా కదల్లేదు. అయినా జారిపోయింది. ఇంతలో మిల్లు కూత వినిపించింది.

"సూసినావా?"

"సూసినాను సిన్నాన్నా. కుండ కింద సుట్టకుదురులాగున్నాది."

ఆయన నవ్వుకుంటూ సైకిలెక్కాడు.

భూమి తిరుగుతుంటుంది కాబట్టి గొట్టంలో ఏ గ్రహమూ నిలవదని పదో తరగతిలో తెలిసింది. ఆ రాత్రి కదిలింది నేను కాదు. అబద్ధమాడింది మాత్రం నేనే. శని ఎలా ఉంటుందని ఎవరడిగినా చిన్నాన్న ఇప్పటికీ ఆ చుట్టకుదురు మాటే చెబుతాడు.