టన్నుంబావు కింద నవారు మంచం

మా మామయ్య, అంటే మా అమ్మకి అన్నగారు, పోయిన నెల ఓ మధ్యాహ్నం భోంచేసి, ఇంట్లో మంచమ్మీద నడుం వాల్చి, అలాగే పోయారు. చెప్పకూడదు గానీ, మాకు ఏడుపుతోపాటు కాస్త ఊరట కూడా కలిగింది. "పోన్లే, నెత్తిన ఏమీ వేలాడని చోట పోయారు" అంది అత్తయ్య, కళ్లు తుడుచుకుంటూ.

మామయ్య గుంటూరు ఆటోనగర్ షెడ్డులో బరువులెత్తే హాయిస్టులు తయారుచేసేవారు. హమాలీలు వీపున బస్తాలతో మెట్లెక్కే రోజుల్లో చేత్తో గొలుసు లాగే పుల్లీలతో మొదలుపెట్టి, ఊరి చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు లేచేసరికి కరెంటు మోటార్ల దాకా వచ్చారు. టన్ను మోసే హాయిస్టు పూర్తయితే దానికి టన్నుంబావు మిర్చి బస్తాలు కట్టి పైకెత్తించి, సరిగ్గా వాటి కింద నవారు మంచం వాల్చుకుని పడుకునేవారు. నిద్ర పడితే హాయిస్టు పాసు. పట్టకపోతే మళ్లీ విప్పడమే.

"మీకేమన్నా అయితే నా గతేంటండీ?" అని అత్తయ్య గుమ్మంలోంచి అరిచేది.

"నేను పడుకోలేని చోట ఇంకొకావిడ మొగుణ్ణి నిలబెట్టమంటావా?" అనేవారు, కళ్లు తెరవకుండానే.

నేను ఇంజనీరింగ్ మూడో ఏడులో ఉండగా, మంచి సీజన్లో, కొత్తగా సెల్‌ఫోన్ కొన్న ఓ కోల్డ్ స్టోరేజీ ఆసామి తన హాయిస్టు కోసం గంటకోసారి ఫోన్ చేసి తొందరపెట్టాడు. ఆ హాయిస్టు బిగించింది నేనే.

"ఈ మంచం పరీక్ష అనాగరికం మామయ్యా. లెక్క వేశాను, బ్రేకు ఆపుతుంది" అంటూ గంభీరంగా నోట్సు చూపించాను.

ఆయన ఆసాంతం చదివారు. "లెక్క బ్రహ్మాండంగా ఉందిరా అల్లుడూ. మంచం నువ్వెయ్యి."

వేశాను. బస్తాలు కట్టారు, ఇంకా ఎత్తలేదు. వెల్లకిలా పడుకోగానే నాకు జ్ఞానోదయమైంది. గేర్లకి గ్రీజు రాస్తూ, నున్నగా తిరుగుతుంది కదా అని బ్రేకుకి కూడా పట్టించాను!

"మామయ్యా, ఒక్క నిమిషం!"

ఆయన తిట్టలేదు. కిరసనాయిలు డబ్బా, గుడ్డ నా చేతికిచ్చి, "పుస్తకంలో గుర్తురానిది మంచమ్మీద గుర్తొస్తుందిరా" అన్నారు. ఇవాళ ఆ కోల్డ్ స్టోరేజీలో హమాలీలందరూ నిక్షేపంగా ఉన్నారు. నా చదువు వల్ల మాత్రం కాదు.

పెద్దకర్మ అయ్యాక షెడ్డు తెరిచాం. ఆయన సగంలో వదిలిన హాయిస్టు పూర్తిచేసి, బస్తాలు ఎత్తించి, కింద నవారు మంచం వాల్చుకుని పడుకున్నాను. అత్తయ్య గుమ్మంలోనే నిలబడింది. ఈసారి అరవలేదు.

పైన గోనె సందులోంచి ఓ మిరపకాయ తొడిమ బయటికి పొడుచుకొచ్చింది. అది కదులుతుందేమోనని రెప్పవేయకుండా చూస్తున్నాను.

ఎవరో భుజం తట్టారు. అత్తయ్య.

"లేవరా, గురక వీధిలోకి వినపడుతోంది" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

పైన తొడిమ ఉన్నచోటే ఉంది.