పాత సీసా, పెదనాయన ముక్కు

కర్నూలు బస్సులో కండక్టర్‌తో గొడవ పడ్డాను. సంచి పైన పెట్టమన్నాడు. అందులో ఉన్నది కుదుపులు పడని వస్తువని చెప్తే నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. సీసాను స్వెటర్‌లో చుట్టి ఊరొచ్చేదాకా ఒళ్లోనే పెట్టుకున్నాను. దాని మీద ఒక చెయ్యి, ఫోన్ మీద ఒక చెయ్యి.

అది షాంపేన్. నేను బడిలో చేరకముందు పండిన ద్రాక్షతో చేసింది. హైదరాబాద్‌లో నేను పనిచేసే హోటల్లో, లేబుల్ చిరిగిపోయి అతిథుల ముందు పెట్టడానికి పనికిరాకుండా పోతే మా సీనియర్ నా చేతిలో పెట్టాడు. "ఇంటికి తీసుకెళ్లి నేర్చుకో. ఈసారి కూడా తప్పితే నువ్వు మళ్లీ బఫే ప్లేట్ల దగ్గరికే" అన్నాడు.

వైన్ విభాగంలో నేను ట్రైనీని. రుచి పరీక్ష ఒకసారి తప్పాను. కొత్త షాంపేన్ సంగతి నాకు తేలికే. బుడగలు ఎగదన్నుకొస్తాయి, నిమ్మకాయ, పచ్చి ఆపిల్ వాసన కొడుతుంది. ఏళ్ల తరబడి సీసాలో ఉన్నదానితోనే చిక్కు. బుడగలు సన్నబడతాయి, రంగు ముదురుతుంది, పండ్ల వాసన పోయి ఇంకేవో వాసనలు వస్తాయి. చెడిపోయిన సీసా కూడా పైకి అట్లాగే కనిపిస్తుంది. రెంటికీ తేడా వాసనలోనే తెలియాలి. పోయినసారి నేను "ఇది చచ్చిపోయింది" అని రాసింది మా హోటల్లోకెల్లా గొప్ప సీసా.

అందుకే పెదనాయన గుర్తొచ్చాడు. కర్నూలు పాత బజారులో ఆయనది హోల్‌సేల్ అంగడి. వేరుశనగ, చింతపండు, ఎండుమిరప, నూనె. వేరుశనగను వాళ్లు బుడ్డలంటారు. గుప్పెడు బుడ్డలు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇవి డోన్ వైపువా నందికొట్కూరువా, కల్లంలో వాన తగిలిందా లేదా అని చెప్పేవాడు. మా ఇంట్లో అన్నీ ప్యాకెట్లలో వస్తాయి. వాసనకు పేరు పెట్టడం నాకెవరూ నేర్పలేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే పెద్దమ్మ అడిగింది. "ఏమి నాయనా, సంకలో ఏందది?"

"హోటల్ సామాను" అన్నాను.

పెదనాయన సీసా మెడ చూశాడు, నన్ను చూశాడు. "గోదాముకు పోదాం పా. ఈడ వద్దు."

గోదాములో కడప బండలు పరిచి ఉన్నాయి, కాళ్లకు చల్లగా తగిలాయి. ఎదురు జ్యూస్ షాపు నుంచి ఐసు తెచ్చి బకెట్లో సీసా దించాను. సిగ్నల్ లేదు. ఫోన్ పట్టుకుని తలుపు దాకా వెళ్లడం, మళ్లీ రావడం. అదే పని.

"ఒకచోట కూకోరా. కాలుగాలిన పిల్లి మాదిరి" అన్నాడు ఆయన. "ముందే చెప్తాండా, నేను తాగను. మీ పెద్దమ్మ నన్ను గడప తొక్కనీదు."

"తాగక్కర్లేదు పెదనాయనా. నోట్లో తిప్పి ఉమ్మేయాలి. మేమంతా అంతే."

"ఉమ్మేస్తారా? దానికి జీతమిస్తారా మీకు?"

"ఇస్తారు."

ఆయన గడ్డం గోక్కున్నాడు. నూనె బేరంలో ఆయన చేసేదీ అదే. చుక్క నాలుక మీద వేసుకుని బయటికి ఉమ్మడం. "సరేలే. ఉమ్మేస్తే తాగినట్లు గాదు" అని తీర్పు చెప్పాడు.

మూత తీస్తుంటే బస్తాల వెనక్కి జరిగాడు. అది పేలలేదు. ఎవరో నిట్టూర్చినట్టు చిన్న చప్పుడు.

"ఇంతేనా? గోలీసోడా కొడితే ఇంతకన్నా మోత వస్తాది గదరా."

"పాతది అంతే! మోత ఉండదు."

నేను తెచ్చుకున్న గాజు గ్లాసులో నాకు, కుండ మీది స్టీలు గ్లాసులో ఆయనకు పోశాను. ఆయన తల వెనక్కి వాల్చి, గ్లాసు పైకెత్తి, పెదవి తగలకుండా నీళ్లు పోసుకున్నట్టు నోట్లోకి వంచాడు. నురగ పొంగి ముక్కులోంచి వచ్చింది. చొక్కా తడిసింది. దగ్గుతూ పక్కనున్న ఖాళీ డబ్బాలో ఉమ్మాడు.

"పైనుంచి పోస్తే ఉన్న కాసిని బుడగలూ పోతాయి! పెదవి పెట్టి తాగాలి" అని అరిచాను.

"ఆ కుండ దగ్గర అందరూ తాగే గ్లాసురా ఇది. ఎంగిలి చేయమంటావా?"

"కడుగుతాను, నేనే కడుగుతాను!"

"కోపం జూడు వీనికి. మీ నాయన గూడా ఇంతే." మిగిలిన వైన్‌తో గ్లాసును బస్తా మీద పెట్టాడు. "ముందు నువ్వు చెప్పు. ఏం వాసన వస్తాంది?"

"ఏదో మాడినట్టు."

"మాడినట్లా, వేగినట్లా?"

మళ్లీ పీల్చాను. "వేగినట్టు."

"నూనెలో వేగినట్లా, ఇసకలో వేగినట్లా?"

"ఇసుకలో."

"పొట్టుతోనా, పొట్టు ఊదినంకనా?"

కళ్లు మూసుకున్నాను. కాగితం పొట్లం, అరచేతిలో నలిపిన గింజలు, ఊదితే మొహం మీదికి ఎగిరే ఎర్ర పొట్టు. "ఊదేటప్పుడు" అన్నాను.

"రాసుకో."

ఫోన్‌లో రాసుకున్నాను. దాని వెనక ఏముందన్నాడు. పుల్లగా, తియ్యగా, ఎండినదేదో అన్నాను. చింతపండా? కాదు. మామిడి తాండ్రా? కాదు. ఎండిన రేగుపండా? అదే!

అంతలో ఎక్కడినుంచో ఒక గీత సిగ్నల్ తగిలి, ఫోన్ వరసగా మోగింది. మా గ్రూపులో మెసేజ్. వచ్చే వారం అన్న పరీక్షను రేపు సాయంత్రానికి మార్చారు. తలెత్తి చూస్తే పెదనాయన గ్లాసు బస్తా మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా ముక్కు దగ్గరికి తీసుకోలేదు.

"అన్నీ నన్నే అడుగుతావేంటి? నీ ముక్కు కోసం ఇంత దూరం వచ్చాను. రేపే పరీక్ష. వాసన చూసి చెప్పు!"

ఆయన గ్లాసు ఎత్తి గట్టిగా పీల్చాడు. దించాడు. "ఏమీ లేదురా."

"ఏమీ లేదంటే? ఇలాంటి వైన్ దొరకడమే..."

"దాంట్లో లేదని గాదు. నాకే లేదు."

నాకు అర్థం కాలేదు.

"కరోనా జొరం వచ్చె గదా, అప్పుడు పోయింది. అందరికీ తిరిగొచ్చె. నాకు రాలే."

"మరి అంగట్లో?"

"గుప్పెడు వాళ్ల చేతిలోనే పోస్తా. నువ్వే చూడప్పా అంటా. వాళ్లు వాసన జూస్తాంటే నేను వాళ్ల మొగం జూస్తా. శానా మర్యాదస్తుడు అనుకుంటాండారు."

"పెద్దమ్మకు తెలుసా?"

"పప్పు మాడినా బాగుండాదంటా. సంతోషపడతాది." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఎవురికీ చెప్పొద్దు. ముక్కు పోయిందని బజారుకు తెలిస్తే నా అంగడికి ఎవురొస్తారు?"

ఫోన్ జేబులో పెట్టేశాను. ఆయన గ్లాసు పక్కకు వంచి, లోపలి అంచు వెంబడి మెల్లగా ఇంకొంచెం పోశాను. "వాసన వదిలెయ్. పెదవి పెట్టి నోట్లో ఉంచుకో."

ఈసారి పెదవి పెట్టాడు. బుగ్గలు కదిలాయి. కళ్లు గోదాము పైకప్పు వైపు తిరిగాయి. గొంతు ముడి కిందికి జారింది.

"ఇది తెలుస్తాండాది" అన్నాడు.

"ఏంటి?"

"నాలిక మీద గసాలు చల్లినట్లు. సన్నగా, ఒకదాని ఎనక ఒకటి. పులుపు గూడా నిలబడి ఉండాది. సచ్చింది గాదురా ఇది."

"మింగేశావా?"

గ్లాసు వైపు చూసుకున్నాడు. "మింగితిని. ఇంట్లో చెప్పినావంటే కాళ్లిరగ్గొడతా."

తర్వాత లేచి మూలనున్న బస్తా మూతి విప్పాడు. పోయిన వానల్లో తడిసిన సరుకట, పక్కన పెట్టించాడట. గుప్పెడు తీసి నా ముక్కు కింద పెట్టాడు. తడిసి మూలపడ్డ అట్టపెట్టె వాసన, దాని కింద చేదు.

"ముక్కిపోయిన వాసన అంటే ఇది. నాకు రాదు గానీ గుర్తుండాది. ఇది సచ్చింది. నువ్వు తెచ్చింది ముసిలిదయ్యింది. రెండూ ఒకటి గాదు."

మర్నాడు సాయంత్రం హోటల్లో పరీక్ష గది బయట ఫోన్ తీసేసుకున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎదురుగా ముదురు బంగారు రంగులో రెండు గ్లాసులు. మొదటిసారి పీల్చితే ఏమీ తట్టలేదు. మాడినట్లా, వేగినట్లా అని నన్ను నేనే అడిగాను. ఒక గ్లాసులో ఎర్ర పొట్టు ఎగిరింది. రెండోదాంట్లో మూల బస్తా మూతి విప్పుకుంది.

రాసింది చూసి సీనియర్ కనుబొమ్మలు ముడిచాడు. "ఇసుకలో వేయించిన పల్లీ పొట్టు ఏంటి? హేజెల్‌నట్ అని రాయాలి కదా?"

"ఆ విదేశీ గింజ నేనెప్పుడూ తినలేదు సార్. అది పల్లీ పొట్టే. మీరే చూడండి" అన్నాను. గొంతు కాస్త లేచింది.

ఆయన గ్లాసు తీసుకుని పీల్చాడు. మళ్లీ పీల్చాడు. సంతకం పెట్టాడు. నేను పాసయ్యాను.

ఫోన్ చేతికి రాగానే కర్నూలుకు చేశాను. అవతల అంగడి గోల. "పాసయ్యా పెదనాయనా!"

"మంచిదప్పా" అన్నాడు. గొంతు తగ్గించాడు. "ఆదివారం కొత్త బుడ్డలు దిగుతాండాయి. నీ ముక్కు పట్టుకోని రా."

ఆదివారం డ్యూటీ ఉంటుందని, హోటల్ అంటే అంగడి కాదని కోపంగానే చెప్పాను. ఆయన వింటూనే ఉన్నాడు. నేను చెప్తూనే బస్సు టికెట్ల యాప్ తెరిచాను.